పుట్ట తవ్విన శనివారం

శనివారం నాకు ఒక్కపొద్దు. పాలు, అరటిపండు తప్ప మరేమీ ముట్టను. అందుచేత ఆ మధ్యాహ్నం పుట్టగొడుగుల కూరను మా అక్క ఒక్కతే తిన్నది. ఆమెకు డెబ్బై ఎనిమిది, నాకు డెబ్బై మూడు. బావగారు పోయిన తరువాత మేమిద్దరమే ఒక ఇంట ఉంటున్నాము. మలేషియాలో కువాలా సెలంగోర్ దాటాక, పామాయిలు తోట అంచున ఉన్నది ఆ ఇల్లు.

తిన్న రెండు గంటలకు వాంతులు మొదలైనవి. మొదట ఎండ దెబ్బ అనుకున్నాను. ఎదురింటివారి కారులో ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె పెదవులు తెల్లబడి, తల నిలపలేని స్థితిలో ఉన్నది. సెలైను పెట్టిన చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి తమిళంలో అడిగింది. ఆ భాష మాకు తెలుగంత అలవాటే.

“ఏ రకం పుట్టగొడుగు, అంకుల్?”

“తెల్లనివి. పుట్ట దగ్గర లేచినవి. చిన్నప్పటి నుంచీ తింటున్నవే.”

“చిన్నప్పటి నుంచీ తింటున్నవైతే ఇప్పుడిలా ఎందుకవుతుంది?” అన్నది ఆమె. కోపంగా కాదు, అలసటగా. తిన్న కొద్దిసేపటికే వాంతులు కావడం ఒక విధంగా మేలేననీ, కాలేయాన్ని పాడుచేసే రకమైతే సాధారణంగా ఆలస్యంగా బయటపడుతుందనీ వివరించింది. “కాని రెండు రకాలు కలిసి ఉంటే మాత్రం ఈ వాంతులను చూసి ధైర్యపడలేము. మిగిలినవి ఉంటే మొదళ్ళతో సహా ఫోటోలు పంపండి. వీటి గురించి తెలిసినవారికి చూపిస్తాను.”

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పామాయిలు మిల్లులో లారీల తూకం దగ్గర పనిచేసినవాణ్ణి. నిండు లారీ తూచి, ఖాళీ లారీ తూచి, తేడా రాయడమే నా ఉద్యోగం. డ్రైవరు ఎంత ప్రమాణం చేసినా అంకె చూసే నమ్మేవాణ్ణి. అందుకే ఇంటికి వచ్చి, సాయంత్రానికని అక్క బుట్టలో విడిచిన పుట్టగొడుగులను బల్ల మీద పరచి, ఫోను తీసినప్పుడు నాలో భయంతోపాటు కొంత ఆశ కూడా ఉన్నది. పెరటి మొక్కల పేర్ల కోసం పెట్టుకున్న యాప్ అందులో ఉన్నది. ఫోటో తీస్తే పేరు చెబుతుంది. పేరు పక్కన ఎంత శాతం ఖాయమో కూడా చూపుతుంది.

ఒకటి ఎంచుకుని పైనుంచి ఫోటో తీశాను. పుట్ట మీద మొలిచే మంచి రకం, తొంభై ఒకటి శాతం అన్నది. కుర్చీలో కూలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను. తరువాత దానినే బోర్లించి, గొడుగు అడుగున పుస్తకపు పేజీల్లా వరుసగా ఉండే పల్చని రేకులను తీశాను. వేరే పేరు, అరవై నాలుగు. పక్కనుంచి తీశాను. ఇంకొక పేరు, యాభై ఎనిమిది, దాని పక్కన ఎర్రని పుర్రె గుర్తు.

ఒకే పుట్టగొడుగు. మూడు ఫోటోలు, మూడు పేర్లు. మా మిల్లులో ఒకే లారీ మూడుసార్లు ఎక్కి మూడు బరువులు చూపితే కాటా ఆపి మెకానిక్కును పిలిపించేవాళ్ళము. ఇక్కడ ఎవరిని పిలవాలి? మళ్ళీ తీశాను, వెలుతురు మార్చి తీశాను, మరొకదాన్ని తీశాను. అంకెలు పెరిగినవి, తగ్గినవి, పుర్రె వచ్చింది, పోయింది. ప్రతిసారీ అడుగున ఒకటే వాక్యం: నేలలోని మొదలుతో సహా కాడ కనిపించాలి.

ఆ మొదలు ఒక్కదానికీ లేదు. ఉండదు. మావాళ్ళు పుట్టను తవ్వరు. నాగుల చవితికి పాలు పోసే చోట మట్టి కదపకూడదని, కాడను రెండు వేళ్ళతో పట్టి నేలకు సమానంగా విరుస్తారు. మా అమ్మ అలాగే విరిచింది, ఆమెకు వాళ్ళమ్మ అలాగే నేర్పింది. ఇన్నేళ్ళుగా తింటున్న దాని వేరు ఎలా ఉంటుందో మా ఇంట ఎవరమూ చూడలేదు.

అక్కకు ఫోను చేశాను.

“అక్కా, ఎక్కడ ఇరిసినావు? పుట్ట మీదా, గడ్డిలోనా?”

“పుట్ట మీద కొన్ని, పక్కన గడ్డిలో కొన్ని. అన్నీ ఒకటే కదరా. ఏటి, ఇప్పుడు నువ్వు ఏరుకోడానికి ఎల్తన్నావా? ఒక్కపొద్దు లా నీకు!”

ఇక్కడి మలయ్ వాళ్ళ ‘లా’ తగిలించిన ఆ గొంతు సన్నగా ఉన్నా ఎగతాళి తగ్గలేదు.

“మొదళ్ళు తవ్వి సూడాల, అక్కా. డాక్టరమ్మ అడిగినాది.”

“తవ్వీకు.”

“అక్కా...”

“ఆ పిల్లకేటి తెలుసు? పాలోసిన పుట్టరా అది! నేను సస్తే సస్తాను, డెబ్బై దాటినాను. పుట్ట జోలికి మాత్రం ఎల్లీకు. నీకేటైనా అయితే ఎవుడు సూస్తాడు నిన్ను?” ఆ వెంటనే వాంతి చప్పుడు, నర్సు గొంతు. ఫోను తెగిపోయింది.

చంకుల్ తీసుకున్నాను. ఇక్కడ తోటల్లో మట్టి లాగే వెడల్పాటి పార అది. పుట్టకు అక్క పూసిన పసుపు వానకు కారి చారలుగా మిగిలి ఉన్నది. మొక్కానో లేదో ఇప్పుడు జ్ఞాపకం లేదు. పార వేశాను.

పుట్ట మీద విరిగిన మొండెం కింద తెల్లని వేరు వేలి మందాన చాలా లోతుకు దిగి ఉన్నది. అది మంచిది. జానెడు దూరంలో, గడ్డిలోని మొండేనికి వేరే లేదు. చిన్న ఉల్లిపాయంత ఉబ్బు, అంతే. రెండు రకాలను ఆమె ఒకే బుట్టలో వేసుకున్నది. డాక్టరమ్మ భయపడింది నిజమే. ఇక ఆగలేకపోయాను. కనిపించిన ప్రతి మొండేన్నీ తవ్వి, కడిగి, వరుసగా పెట్టాను. చెదలు నా చేతుల మీదికి పాకుతున్నవి. చీకటి పడేలోగా ముగించాలనే తొందరలో ఒకచోట పార అడ్డంగా పడి, మట్టిలోని మొదలు ముక్కలై చెదలతో కలిసిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ మట్టిని వేళ్ళతో జల్లించాను. ముక్కలను అతికి చూశాను. అది వేరో, ఉబ్బో, మరేదో తెలియలేదు.

ఫోటోలన్నీ పంపాను. కొంతసేపటికి డాక్టరమ్మ ఫోను చేసింది.

“ఉబ్బు ఉన్నవి కడుపును పట్టే రకమట అంకుల్. చాలా బాధపెడతాయి, కాని సాధారణంగా కాలేయం జోలికి పోవు. ప్రాణం తీసేదానికి మొదట్లో సంచిలాంటి పొర ఉంటుంది. మీరు పంపినవాటిలో అది కనబడలేదన్నారు.”

“ఒకటి ముక్కలైపోయింది, తల్లీ. దానికి పొర ఉన్నదో లేదో చూడలేకపోయాను.”

“దాని సంగతి ఎవరూ చెప్పలేరు. రేపు, ఎల్లుండి రక్తం చూడాలి.”

“ప్రమాదం ఎంత శాతం ఉండవచ్చు?”

“శాతం చెప్పలేను, అంకుల్.”

తొంభై ఒకటి చెప్పిన ఫోను నా చేతిలోనే ఉన్నది. నా జీవితంలో మొదటిసారి, ఎవరైనా ఒక అబద్ధపు అంకె అయినా చెబితే బాగుండునని అనిపించింది.

వార్డుకు వెళ్ళేసరికి అక్క కళ్ళు మూసుకుని ఉన్నది. వాంతులు తగ్గినవట, నోటితో నీళ్ళు పట్టాలన్నారు. గ్లాసు అందుకుని మంచం పక్కన వంగాను. ఆమె కళ్ళు తెరచి ముందు నా ముఖం చూడలేదు. నా గోళ్ళు చూసింది.

“తవ్వినావు.”

“తవ్వినాను.”

ఆమె ముఖం గోడవైపు తిప్పుకున్నది. గ్లాసు పెదవికి ఆనించాను, పళ్ళు బిగించింది. “అక్కా, నీళ్ళు లోపలికి ఎల్లకపోతే కిడ్నీలు పోతాయంట,” అన్నాను. నర్సు వచ్చి నా చేతిలోని గ్లాసు తీసుకుని, నన్ను పక్కకు జరగమన్నది. జరిగాను. అక్కకు నేను కనబడకుండా మంచం తల వెనక్కు పోయి, ఆమె గొంతు కదులుతుందా అని చూస్తూ నిలబడ్డాను.