మత్స్యరాజుకు బాలింత పథ్యం

పూడిమడక రేవులో చేపలు కొని అనకాపల్లి బజారులో అమ్మే ఎరుకమ్మకు ఇంకో పని కూడా ఉంది. వాళ్ల వీధిలో ఎవరు పురుడు పోసుకున్నా పథ్యం చూసేది ఆమే. చెవుల్లో దూది పెట్టాలి, నీళ్లు గుక్కెడే ఇవ్వాలి, మంచం దిగనివ్వకూడదు. ఆమె చేతిలో ఏ బాలింతకూ జబ్బు చెయ్యలేదని పేరు. ఆస్పత్రికి వచ్చే ముందు కూడా పక్కింటి మరిడమ్మ కూతురు, పచ్చి బాలింత బేబి మంచం పక్కనున్న నీళ్ల చెంబు తీయించి మరీ వచ్చింది.

మొగుడు మత్స్యరాజుకు కడుపులో కేన్సర్. డాక్టర్లు చిన్న చిల్లులు పెట్టి, వాటిలోంచే సగం పొట్ట తీసేశారు.

"పెద్ద కోత లేదు మామ్మా. ఈ రోజే లేచి నడవాలి," అంది నర్సు శాంతికుమారి. "నీళ్లు కొంచెం కొంచెం తాగించండి. ఈ డబ్బా గొట్టంలోంచి గాలి పీల్చి లోపలి బంతులు పైకి లేపాలి. లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది."

"అలగేనమ్మా."

నర్సు అటు వెళ్లగానే ఎరుకమ్మ డబ్బాను సంచి అడుక్కి తోసి, మొగుడి చెవుల్లో దూది పెట్టింది.

"సిస్టరమ్మ నడమంది గదే?"

"ఆ పిల్లకి పెల్లయిందా, పురుడయిందా? దానికేటి తెలుసు? పొట్ట కోసినోడు కదిల్తే కుట్లూడిపోతాయి. పడుకో మావా."

"నన్నూ బాలింతని సేసేవు. ఉయ్యాల కూడా కట్టీ."

నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. సముద్రం మీద ఎవరి మాటా వినని మనిషి, ఒడ్డున ఆమె మాట దాటడు.

నర్సు అడిగినప్పుడల్లా "నడిసేడు, తాగేడు" అంది ఎరుకమ్మ. నీళ్లు సింకులో పోసింది.

రెండు రోజులకు జ్వరం వచ్చింది, ఊపిరి ఎగదన్నుకొచ్చింది. డాక్టర్ త్రినాధరావు పొట్ట నొక్కి చూశాడు.

"అన్నీ సరిగ్గా చేస్తుంటే జ్వరం ఎందుకొచ్చింది? లోపలి కుట్టు కారుతోందేమో. స్కాన్ చేద్దాం. కారుతుంటే మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. ఏం మత్స్యరాజూ, నడుస్తున్నావా?"

మత్స్యరాజు పెళ్లాం వైపు చూశాడు. "నడిసేను బాబూ. వరండా సివరిదాకా."

ఆ వరండా ఎటుందో కూడా అతనికి తెలియదు. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చి కళ్లు మూసుకున్నాడు.

"నడవనేదు బాబూ," అంది ఎరుకమ్మ. "నానే నడవనివ్వనేదు. నీల్లూ ఇవ్వనేదు. మావ నాకోసరం అబద్దమాడతన్నాడు."

సంచిలోంచి డబ్బా తీసి మంచం మీద పెట్టింది. డాక్టర్ మత్స్యరాజును పక్కకు తిప్పించి, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. స్కాన్ కూడా తీయించాడు. కుట్టు బాగానే ఉంది. చేరింది కఫమే. మందులు మార్చాడు.

"నేనూ కళ్లారా చూడాల్సింది మామ్మా. మీ మాట మీదే రాసేశాను," అంది శాంతికుమారి తలవంచుకుని.

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఎరుకమ్మకు.

సాయంత్రం నర్సు ఒకవైపు, ఆమె ఒకవైపు పట్టుకుంటే మత్స్యరాజు సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలోకి వచ్చాడు. ఎరుకమ్మ చిన్నగా ఏదో అంది.

"ఏటే?"

అప్పుడు గుర్తొచ్చి, అతని చెవుల్లో దూది తీసింది. ఇక అన్నీ వినిపిస్తాయి. కానీ ఆ మాట మళ్లీ నోరు దాటలేదు.

"నడు మావా," అంది.

మంచం మీద కూర్చోబెట్టి గ్లాసు అందిస్తే, అతను గుక్కగుక్కకీ కళ్లు మూసుకుని తాగాడు. పెదాలు పగిలి ఉన్నాయి. తను వచ్చేనాటికి బేబి పెదాలూ అలాగే ఉన్నాయి. దాహమంటూ ఏడిస్తే, ఓర్చుకోమని తనే కసిరింది.

ఎరుకమ్మ బయటికొచ్చి మరిడమ్మకు ఫోన్ చేసింది.

"పిల్లకి నీల్లియ్యి. అడిగినన్ని ఇయ్యి. లేచి తిరగనియ్యి."

"అదేటొదినా? నువ్వే గదా వద్దన్నావు?"

"నానే," అంది ఎరుకమ్మ. "ముందు నీల్లియ్యి."