అవతలి ఒడ్డు పర్మిట్

ట్వైలా బ్రాండ్‌వోల్డ్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా గుర్రాలకు నాడాలు కొడుతోంది. ఆమెకిప్పుడు యాభై తొమ్మిది. నది ఇవతల వాషింగ్టన్‌లో, మా దాణా కొట్టు వెనక ఇల్లే ఆమెది. పని మాత్రం సగానికి పైగా నది అవతల, ఒరెగన్‌లో. కొలంబియా నది మీద ఇనుప వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది, చట్టం మారుతుంది. గుర్రాలు మాత్రం అక్కడా ఇలాగే తంతాయి.

ఆ మనిషికి కూర్చోవడం రాదు. కాఫీ నిలబడే తాగుతుంది. నా కొట్లో గల్లా ముందు ఎత్తు స్టూలొకటి ఉంది. పాతికేళ్లలో దాని మీద ఆమె టోపీ తప్ప ఆమె కూర్చోగా నేను చూడలేదు. అది వాళ్ల తండ్రి పోలిక. కానీ మొన్న మార్చి నుంచి మొదలైంది వేరు. కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. ట్రక్కు ఎక్కేముందు చుట్టూ రెండుసార్లు తిరిగి, కిందకు వంగి చూసేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ దగ్గరకు వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లేది. "ఏమే, నీ కాళ్లకి కూడా నాడాలు కొట్టించుకున్నావా?" అని ఎగతాళి చేశాను. నవ్వలేదు.

మార్చిలో లైల్ జైలు నుంచి బయటికొచ్చాడు. లైల్ ఆమె మాజీ మొగుడు. ఏడేళ్ల కిందట ఆమె దవడా, రెండు పక్కటెముకలూ విరగ్గొట్టి లోపలికెళ్లాడు. ఇప్పుడు నది అవతల, వాళ్ల పినతండ్రి కొడుకు పియర్ పళ్ల తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నాడట. ఆమె దరిదాపుల్లోకి రాకూడదని కోర్టు కాగితం ఉంది. ఆ కాగితాన్ని ట్వైలా ట్రక్కు అద్దం దగ్గర మడిచి పెట్టుకుంది. దాని మీద ఆమెకెంత నమ్మకమో, దానితో అద్దం తుడవడం చూసి నాకర్థమైంది.

ఇవతల ఆమెకు పిస్తోలు పర్మిట్ ఉంది. చొక్కా కింద ఎడమ పక్క పెట్టుకుంటుంది. ఒరెగన్ వాళ్లు మా పర్మిట్‌ను పర్మిట్ అనుకోరు. అందుకే వంతెనకు ముందు కంకర దిబ్బ దగ్గర మా వాళ్లందరూ బళ్లు ఆపుతారు. తూటాలు తీసి ఒక అరలో, పిస్తోలు వెనక పెట్టెలో పెట్టి తాళం వేసి అప్పుడు దాటుతారు. పొద్దున్నే అక్కడ నాలుగైదు ట్రక్కులు వరసగా కనిపిస్తాయి, చర్చికి వెళ్లేముందు చెప్పులు దులుపుకునే వాళ్లలాగా. ట్వైలా కూడా ఏళ్ల తరబడి విసుక్కోకుండా ఆ పని చేసింది. మార్చి తరవాత ఆ దిబ్బ దగ్గర ఆమెకు చెమటలు పట్టేవి. ఎవడికి భయపడి పిస్తోలు కొనుక్కుందో వాడు అవతల ఒడ్డున ఉన్నాడు. పిస్తోలు దాచాల్సిందీ ఆ ఒడ్డునే.

పక్క రాష్ట్రం వాళ్లక్కూడా ఒరెగన్‌లో పర్మిట్ ఇస్తారు, కానీ ఇవ్వడం ఇవ్వకపోవడం అక్కడి పోలీసు పెద్ద, షెరీఫ్ చేతిలో ఉంది. గట్టి అవసరం ఉందని చూపించాలి. ట్వైలా శిక్షణ తరగతికి వెళ్లింది, గురి పరీక్షలో అందరికంటే మిన్నగా కొట్టింది, అర్జీ నింపింది. ఆమె నడవడి గురించి ఇద్దరు ఉత్తరాలు రాయాలన్నారు. ఒకటి హారిగన్ రాశాడు, అవతల పెద్ద గుర్రాల దొడ్డి ఆయనది. రెండోది నేను.

నా ఉత్తరం చూసి నేనే మురిసిపోయాను. మా ఒడ్డున మనిషిని పొగడాలంటే ఒకటే మాట: దేనికీ జడవడు. పెళ్లి విందులో అదే చెబుతాం, సమాధి దగ్గరా అదే చెబుతాం. నేనూ అదే రాశాను. ట్వైలా బ్రాండ్‌వోల్డ్ దేనికీ, ఎవరికీ భయపడదు, ఇంత గుండె నిబ్బరం ఉన్న మనిషిని నేను చూడలేదు అని. కింద సంతకం పెట్టాను, నెడ్రా ఫెల్‌కర్ అని, పెద్దక్షరాలతో.

షెరీఫ్ ముందు హాజరవ్వాల్సిన రోజు నేనూ ట్రక్కెక్కాను. కంకర దిబ్బ దగ్గర పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేసింది. వేసి, లాగి చూసింది. ట్రక్కెక్కి, దిగి, మళ్లీ లాగి చూసింది.

"తాళం పడిందే తల్లీ, పద," అన్నాను.

"పడిందని నాకూ తెలుసు," అంది. ఇంకోసారి లాగింది.

షెరీఫ్ పెద్దాయన. బల్ల మీద రెండు ఉత్తరాలూ, అర్జీ పెట్టుకుని, కుర్చీ చూపించాడు. నేను కూర్చున్నాను. ట్వైలా కిటికీ దగ్గరే నిలబడింది. కింద బళ్లు ఆపే చోటు కనిపిస్తుంది అక్కణ్ణుంచి.

"కూర్చోండమ్మా."

"అలవాటు లేదండీ."

"సరే. అవసరం ఏమిటని అడిగిన చోట 'వృత్తి' అని ఒక్క ముక్క రాశారు."

"అవునండీ. ఈ ఒడ్డున పన్నెండు దొడ్లకి తిరుగుతాను. అన్నీ ఊరికి దూరమే."

"పశువుల డాక్టర్లూ తిరుగుతారు, దాణా లారీల వాళ్లూ తిరుగుతారు. వాళ్లెవరూ అడగడం లేదే."

కింద ఏదో బండి ఆగింది, ట్వైలా అటు చూసింది. షెరీఫ్ నా ఉత్తరం చేతిలోకి తీసుకున్నాడు.

"మీరు ఎవరికీ భయపడరని మీ స్నేహితురాలే రాశారు. భయం లేని మనిషికి పిస్తోలు దేనికమ్మా? నేనేదో ఎత్తిపొడవడం లేదు. పొరుగు రాష్ట్రం మనిషికి ఇస్తే, ఎందుకిచ్చావని అడిగేవాళ్లకి నేను కారణం చూపించాలి. ఈ కాగితాల్లో నాకు కారణం కనపడలేదు."

నా మొహం మాడిపోయింది. లైల్ సంగతి చెప్పవే అని ట్వైలా వైపు చూశాను. ఆమె స్టాండు మీది టోపీ తీసుకుంది. "అలాగేనండీ. మీ పొద్దు పాడుచేశాను," అని తలుపు దాకా వెళ్లింది. చచ్చినా చెప్పదు. చెప్పనిస్తే కదా చెప్పడానికి. మేమంతా కలిసి ఆమెకు నేర్పింది అదే.

"ఆ ఉత్తరం అబద్ధమండీ," అన్నాను.

"నోరు మూసుకోవే నెడ్రా," అంది ట్వైలా, వెనక్కి తిరక్కుండానే.

"మూసుకునే ఇంత దూరం తెచ్చాను. షెరీఫ్ గారూ, ఒక తెల్ల కాగితం ఇప్పించండి."

ఇచ్చాడు. ఆమె ట్రక్కు చుట్టూ తిరగడం రాశాను, తాళం లాగి చూడడం రాశాను, మార్చిలో జైలు నుంచి ఎవడు బయటికొచ్చాడో, ఎక్కడ పని చేస్తున్నాడో రాశాను. అక్కడితో ఆపొచ్చు. కలం ఆగలేదు. ఏడేళ్ల కిందట, లైల్ ఆమెను విరగ్గొట్టిన ఆదివారం సాయంత్రం, నేను చర్చి విందుకు వెళ్లానని అందరితో చెప్పాను. వెళ్లలేదు. కొట్టు పక్కన మా ఇంట్లోనే ఉన్నాను. ఆమె అరుపులు విన్నాను. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకని రేడియో చప్పుడు పెంచాను. పొద్దున ఉత్తరాలు పంచే మనిషి ఆమెను వరండాలో చూశాడు. ఇవన్నీ రాసి, సంతకం పెట్టాను. ఈసారి చిన్నక్షరాలే వచ్చాయి.

షెరీఫ్ చదివాడు. చాలాసేపు చదివాడు. తరవాత ఆ కాగితం ట్వైలా వైపు జరిపాడు. "ఇది నిజమో కాదో మీరే చెప్పాలి," అన్నాడు.

ఆమె చదువుతుంటే నేను నేల వైపు చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునే దాన్ని నేను, ఆమెకు ఏ మొహం చూపిస్తాను. కుర్చీ కిర్రుమంది. తలెత్తితే ట్వైలా కూర్చుని ఉంది.

"గుర్రం వెనక కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంటానండీ," అంది షెరీఫ్‌తో. గొంతు మామూలుగానే ఉంది. "రెండు చేతులూ గిట్ట మీదుంటాయి. తల కిందకుంటుంది. వీపు గేటు వైపుంటుంది. ఎవరొస్తున్నారో అడుగుల చప్పుడుని బట్టే తెలిసేది ఇన్నాళ్లూ. ఇప్పుడు ఎవరడుగు వినపడ్డా వాడి అడుగే అనిపిస్తోంది. మొన్న హారిగన్ గారి మనవరాలు నీళ్లు తెస్తే, ఆ పిల్ల మీదికి సుత్తి ఎత్తాను. అదండీ నా అవసరం."

షెరీఫ్ ఏదో రాసుకున్నాడు. "పోయి వేలిముద్రలు ఇవ్వండమ్మా," అన్నాడు.

వేలిముద్రల యంత్రం ఆమె వేళ్లను ఒప్పుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు గిట్టలు అరగదీసే ఆకురాయి పట్టిన వేళ్లవి, గీతలన్నీ అరిగిపోయాయి. అక్కడి మనిషి తడిపి ఒకసారి, ఆరబెట్టి ఒకసారి, పదకొండుసార్లు తీసింది. ఇంకో రోజైతే నేను నవ్వి చచ్చేదాన్ని.

తిరుగు దారిలో ట్వైలా వంతెన దాటింది. కంకర దిబ్బ దగ్గర ఆపి, పిస్తోలు తీసి నడుముకు పెట్టుకుని, స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఉండిపోయింది.

"రేడియోలో ఏమొచ్చింది?" అంది.

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రం."

"వాతావరణం. మర్నాడు మంచు పడుతుందని."

"పడిందా?"

"పడలేదు."

అంతే. నన్ను కొట్టు ముందు దింపి వెళ్లిపోయింది. ఆ తరవాత ఆరు వారాలు నా కొట్టు గడప తొక్కలేదు. నా దగ్గర కొనే నాడా మేకులు ఇంకో ఊరి నుంచి తెప్పించుకుంటోందని విన్నాను. ఆ ఆరు వారాలూ కిటికీకీ గల్లాకీ మధ్య తిరిగింది నేను. ఆమె ట్రక్కు ఇంటికి చేరిన చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగలేదు. రేడియో వైరు పీకేశాను. పీకితే ఏమవుతుంది, ఏడేళ్లు వెనక్కి వస్తాయా.

ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చింది. గల్లా మీద చిన్న కార్డు పెట్టింది. ఒరెగన్ పర్మిట్, ఆమె ఫొటోతో. ఫొటోలో కూడా పక్కకే చూస్తోంది.

"వచ్చింది," అంది.

"మంచిదే."

"ఏం మంచిది? పది రోజులుగా నడుముకి పెట్టుకునే పని చేస్తున్నా. రెండు చేతులూ గిట్ట మీదుంటే పిస్తోలు ఎవరు తీస్తారే? వీపుకి కళ్లు రాలేదుగా." స్టూలు మీది టోపీ తీసి తలకు పెట్టుకుంది. "రేపు హారిగన్ దగ్గర తొమ్మిది గుర్రాలున్నాయి. ట్రక్కులో ఒక సీటు ఖాళీ. కొట్టు మూసుకుని వస్తావా, రావా?"

"వస్తా."

మర్నాడు కంకర దిబ్బ దగ్గర అలవాటు కొద్దీ బండి ఆపింది. పెట్టె మీద చెయ్యి వేసి, ఇక దాచక్కర్లేదని గుర్తొచ్చి, నా వైపు చూడకుండా మళ్లీ గేరు మార్చింది.

హారిగన్ దొడ్డిలో నన్ను గేటు దగ్గర నిలబెట్టింది. "ఎవరొచ్చినా పేరు చెప్పు. కబుర్లు వద్దు, పేరు చాలు," అంది. మొదటి గుర్రం కాలు ఎత్తింది. నేను చెబుతూనే ఉన్నాను. హారిగన్ వస్తున్నాడు. మనవరాలు వస్తోంది, నీళ్ల చెంబుతో. కుక్క. మళ్లీ హారిగన్. ప్రతి పేరుకూ సుత్తి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మోగేది. నాలుగో గుర్రానికి ఆగడం మానేసింది.

ఆరో గుర్రం దగ్గర ఉండగా రోడ్డు మీద ఆకుపచ్చ ట్రక్కొకటి మెల్లగా వచ్చి, కంచె అవతల ఆగింది. అద్దం దించి ఉంది. పక్కకు తప్పుకుని కొట్టంలోకి పోవాలనిపించింది, నిజమే చెబుతున్నాను.

"ఎవరే?" అంది ట్వైలా, తల ఎత్తకుండా.

"లైల్," అన్నాను. "రోడ్డు మీదే ఉన్నాడు."

"నువ్వెక్కడున్నావు?"

నేను గేటు మధ్యకు జరిగాను. "గేటు దగ్గరే ఉన్నాను."

ఆమె గుర్రం కాలు కింద పెట్టలేదు. ఇంకో మేకు తీసుకుంది. సుత్తి చప్పుడు నా వెనక వినపడుతూనే ఉంది. ఆ ట్రక్కు కదిలి వెళ్లిపోయేదాకా నేను అక్కణ్ణుంచి పక్కకు జరగలేదు.