ఆముదం రాసిన జీపు

మా అక్క భర్త పాడేరులో రేడియం షాపు నడిపేవాడు. బండికి అంటించేదేదైనా మా వైపు రేడియమే. జీపుల మీద పేర్లు, దేవుళ్ల బొమ్మలు ఎక్కువగా చేసేవాడు. నేను టీచరుగా చేరిన కొత్తలో సెలవు రోజుల్లో ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ని. పెద్ద షీటు పరచాలంటే రెండో కొస ఒకరు పట్టుకోవాలి.

"ఏటి మాస్టారూ, పరీక్ష పేపరు లాక్కున్నట్టు లాగేత్తన్నావు?" అనేవాడు బావ. "నిమ్మళంగా వదులు."

బుడగ ఉండకూడదు, అంచు లేవకూడదు. ఆయనకు ఆ రెండే ముఖ్యం. సబ్బునీళ్లు చల్లి షీటు పరిచేవాడు. ప్లాస్టిక్ ముక్కకు మెత్తటి గుడ్డ చుట్టి, నీటిని మధ్య నుంచి బయటికి తోసేవాడు. బానెట్ కొసకు సరిగ్గా కోసేస్తే పని త్వరగా అయిపోతుంది, కానీ నాలుగు ట్రిప్పులకే లేస్తుంది. అందుకని వేలెడు మిగిల్చి లోపలికి మడిచి, వేడి చూపించి నొక్కేవాడు. ఆ మడత ఎవరికీ కనబడదు.

ఒక చలికాలం శనివారం, చింతపల్లి వైపు నుంచి ఒక డ్రైవరు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. అంతవరకూ ఇతరుల జీపులు తోలినవాడు. ఇది తన సొంతం, పాతదే. రంగు వెలిసిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రార్థన చేస్తే మొదటి ట్రిప్పు వేయాలి. రంగు వేయించాలంటే కొండ దిగి పట్నం వెళ్లాలి, చాలా రోజులు పడుతుంది. అందుకని బానెట్‌కీ రెండు పక్కలకీ తెల్ల షీటు వేయమన్నాడు.

బానెట్ మీద పరిచాం. మూల లేచింది. మళ్లీ నొక్కాం, మళ్లీ లేచింది. బావ వేలితో రేకు రుద్ది వాసన చూశాడు.

"ఆముదం," అన్నాడు.

డ్రైవరు తల్లి వైపు తిరిగాడు. "కడగమన్నాను గానీ తలంటమన్నానేటే అమ్మా?"

"కొత్త గుడ్డ తొడుగుతారన్నావు," అంది ఆవిడ. "నూనె రాయకుండా పసిగుంటడికైనా తొడుగుతామేటి?"

జిగురు పాడై ఆ షీటు పనికిరాకుండా పోయింది. మిగిలింది లెక్కకు సరిపోయేంతే. ఇంకోటి చెడితే ఆదివారానికి జీపు లేదు. డ్రైవరు ముఖం మాడిపోయింది.

బావ మాత్రం ఆవిడతో, "సానా బాగా రాసినావమ్మా, సందుల్లోకి కూడా ఎల్లింది," అన్నాడు. అది ఎగతాళిలా వినిపించలేదు.

కిరసనాయిలుతో తుడిచాం. సబ్బుతో కడిగాం. మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి మళ్లీ తుడిచాం. సందుల్లో పుల్లకు గుడ్డ చుట్టి తిప్పాం. మంచు విడి ఎండ వచ్చేదాకా ఆగి, అప్పుడు పరిచాం. ఈసారి అంటుకుంది.

అంచులకు వేడి పెట్టే సమయానికి కరెంటు పోయింది. ఆవిడ అడక్కుండానే కుంపటి రాజేసి, ఇత్తడి గ్లాసులో నీళ్లు మరిగించింది. బావ గ్లాసుకు గుడ్డ చుట్టి రెండు జానల అంచు నొక్కి చూపించాడు.

"నానూ సేత్తాను."

"సెయ్యి కాలుద్ది."

"నాకేటి?"

ఆయన గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు. బానెట్‌కి ఒక వైపు మొత్తం ఆవిడే నొక్కింది. తను నొక్కినచోట చెయ్యి పెట్టి చూసుకుంటూ మెల్లగా జరిగింది. బావ వెనకాల మళ్లీ నొక్కుకుంటూ వస్తాడనుకున్నాను. రాలేదు. సాయంత్రానికి పని అయింది. బుడగ లేదు.

మర్నాడు మేమూ వెళ్లాం. ప్రార్థన మధ్యలో పాస్టరు గారు జేబులోంచి చిన్న నూనె సీసా తీశారు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఈలోగా ఆవిడే ముందుకు వెళ్లి, "బానెట్‌కి వొద్దు అయ్యగారూ, టైరుకి రాయండి," అంది. ఆయన వంగి టైరుకే రాశారు.

బావ ఆ మాట చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. చెప్పిన ప్రతిసారీ పాస్టరు గారి సీసా కొంచెం పెద్దదయ్యేది.

బావ పోయిన రోజు తల్లీకొడుకులు ఆ జీపులోనే వచ్చారు. తెలుపు పసుపుపచ్చగా మారింది, పక్కల గీతలు పడ్డాయి. జనం లోపలికి వెళ్లాక, ఆవిడ నొక్కిన వైపు బానెట్ కిందికి వేలు పోనిచ్చి చూశాను. మడత ఎక్కడా లేవలేదు.