మా నాన్న నేర్పిన కూత

కాలేజీ చెడుగుడులో నా అంతటివాడు లేడని నేనంటే మా ఆవిడ మూతి తిప్పుతుంది. తిప్పుకోనీ! యాభైల చివర్లో బెజవాడ కాలేజీ జట్టు తరఫున నేను కూతకి బయల్దేరానంటే అవతలివాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేసేవాళ్ళు. కావాలంటే అప్పటి నా జట్టువాళ్ళని అడగండి, ఇంకో రెండు కలిపి చెబుతారు.

అంతటివాణ్ణి మొదటి ఆటలో ఎవరినీ తాకకుండానే అవుటయ్యాను. మా నందిగామ వైపు ఊపిరి బిగబట్టి అవతలి బరిలోకి వెళ్ళేటప్పుడు ‘చెడుగుడు గుడుగుడు’ అని కూత పెడతాం. అది నాకు నేర్పింది మా నాన్న. జొన్న కోసిన చేలో, పంచె ఎగ్గట్టి, నాతో సమానంగా గెంతుతూ నేర్పాడు. ‘గుడు’ అన్నప్పుడల్లా కుడికాలు పడాలి, అదీ ఆయన పద్ధతి. కాలేజీ ఆటలో మాత్రం ‘కబడ్డీ’ అనే కూయాలి, ఇంకోటి కూస్తే అవుటు. ఆటల మాష్టారు చెప్పి చెప్పి పంపారు. ఏం లాభం? బరిలోకి దిగి ఒళ్ళు వేడెక్కేసరికి నోట్లోంచి చెడుగుడే వచ్చింది. ఈల మోగింది.

దసరా సెలవులకి ఇంటికొచ్చి, నవ్విద్దామని ఈ సంగతి చెప్పాను. నాన్న నవ్వలేదు. ఆయన మొహం చూసి నాకు భయమేసింది.

“మన కూత చెల్లనిచోట నీకేం పనిరా? మానెయ్ ఆ ఆట!”

ఆట లేకపోతే ఆ కాలేజీలో నాకింక ఏముంది? అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను. అమ్మే అడ్డం పడింది.

“చూడకుండానే మానెయ్యమంటే ఎట్టాగండీ? సెలవులాఖర్న వాళ్ళ జట్టు నందిగామ వస్తందంట, పక్కనున్న పేట ఊరి జట్టుతో ఆడటానికి. ఒక్కసారి చూసి చెప్పండి.”

“సరే, చూస్తా. గెలిస్తే ఆడుకోమను. ఓడితే మాత్రం మళ్ళీ ఆ పేరెత్తకూడదు” అన్నాడు నాన్న.

ఇక చూడండి నా అవస్థ! మునేటి ఇసుకలో కబడ్డీ, స్నానం చేస్తూ కబడ్డీ, గేదెల్ని తోలుకెళ్తూ కబడ్డీ. నోరు ఎలాగో దారికొచ్చింది గానీ కాళ్ళు రాలేదు. ఆ మాటకి ఎక్కడ అడుగు వేయాలో వాటికి తెలియదు. పక్కింటి పిన్ని చూసి, “అక్కా, పిల్లోడికి గాలేదో సోకినట్టుంది, వేదాద్రి తీసుకెళ్ళరాదూ?” అంది. అమ్మ నిజంగానే తీసుకెళ్ళింది. నరసింహస్వామి ముందు నిలబడి, “మా వాడి నోరు జారకుండా చూడు తండ్రీ” అని దణ్ణం పెట్టింది. కాళ్ళ సంగతి చెప్పడం మర్చిపోయింది.

ఆట రోజున నందిగామంతా అక్కడే ఉంది. పేట జట్టులో ఒక సాయిబుగారు ఉండేవారు, లారీ డ్రైవరు. పట్టుకున్నారంటే ఉడుంపట్టే. రెండు జట్లూ సమానంగా ఉండగా చివరి కూత నాకు వచ్చింది.

“రా బాబూ రా, కాలేజీ బాబొచ్చాడర్రా!” అని సాయిబుగారు చేతులు చాచారు.

కబడ్డీ, కబడ్డీ. కాళ్ళు తడబడుతున్నాయి. ఊపిరి సగమైపోయింది, ఇంకా ఎవరినీ తాకలేదు. అప్పుడు జనంలోంచి ఒక గొంతు లేచింది.

“చెడుగుడు గుడుగుడు! చెడుగుడు గుడుగుడు!”

మా నాన్న! ఓరి నాయనో, ఇప్పుడా! నాలుక అటు లాగుతోంది, ఒక్కసారి జారిందా, అంతా అయిపోయినట్టే. ఇంతలో నందిగామంతా అందుకుంది. చిత్రం, నా కుడికాలు దానంతటదే పడసాగింది. నోరు కబడ్డీ అంటూనే ఉంది, కాళ్ళు నాన్న మాట వింటున్నాయి. ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగేసరికి సాయిబుగారు నడుం పట్టేశారు. ఆయన్ని ఈడ్చుకుంటూనే పోయి, పడుతూ పడుతూ చెయ్యి చాచి గీత అందుకున్నాను.

సాయిబుగారే నన్ను లేపి దుమ్ము దులిపారు. “కూత బెజవాడది, కాళ్ళు మాత్రం మనయ్యే!” అని పగలబడి నవ్వారు.

బండెక్కాక అడిగాను, “నాన్నా, ఆడుకోనా?” అని. నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది! ఎద్దుల్ని అదిలించబోయాడు, అదీ రాలేదు. పగ్గాలు నా చేతిలో పెట్టి, కూయమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

“చెడుగుడు గుడుగుడు!” అని అరిచాను. ఎద్దులు పరుగందుకున్నాయి. నాన్న చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరెగిరి పడేలా, ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.