సున్నం పిన్నీ, చిక్కుడు నల్లులూ

ఆ రోజుల్లో, అంటే యుద్ధం జరుగుతూ కిరసనాయిలు కార్డు మీద ఇచ్చే రోజుల్లో, నాకు పగటి కలలు కనడం తప్ప వేరే విద్య రాదు. అయినా నరసరావుపేటలో ఆడపిల్లల మిషను బడిలో పంతులమ్మగా తీసుకున్నారు. అదీ టెంపరరీ. పురుగుల పెంపకం మీద పాఠం చెప్పి, బడి పెద్ద అయిన దొరసానమ్మను మెప్పిస్తేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే నూజెండ్ల పోయి అన్నయ్య ఇంట్లో గేదెలకు కుడితి కలుపుకోవడమే.

నా మకాం సున్నం పిన్ని ఇంట్లో. పిన్నికి శుభ్రం పిచ్చి. పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించి గోడలకూ, అరుగుకూ, ఆఖరికి జామచెట్టు మొదలుకూ వేసేది (కదలకుండా కూర్చుంటే నాకూ వేస్తుందని భయపడేదాన్ని). చుట్టాల్లో ఎవరికి బిడ్డ పుట్టినా తొలి తేనెచుక్క నాకించడానికి ఆమెనే పిలిచేవాళ్లు, ఆమె గుణం బిడ్డకు వస్తుందని. "నీకూ నేనే నాకించానే. చుక్క నీకెందుకు పట్టలేదో ఏందో!" అని నా చిందరవందర మంచం చూసి వాపోయేది.

పెరట్లో చిక్కుడుపాదు మీద నల్లులు (మంచాల్లోవి కాదు, తీగల రసం పీల్చేవి) గుడ్లు పెట్టిన ఆకొకటి కోసి గాజుసీసాలో పెట్టాను. సాయంత్రపు ఎండ వాటి మీద పడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. పిల్లలొస్తాయి, పెరుగుతాయి, నేను పక్కా పంతులమ్మనై గొడుగేసుకుని బడికి వెళ్తాను... అక్కడిదాకా వచ్చేసరికి అన్నం మాడిన వాసన వచ్చేది.

పిల్లలొచ్చాయి. కానీ పెరగవే! లేత తీగ పెట్టినా నోరు పెట్టకుండా, ఏదో పారేసుకున్నట్టు సీసా అంతా తిరుగుతున్నాయి. పాదు మీద మిగిలిన గుడ్ల పిల్లలేమో చక్కగా ఒళ్లు చేశాయి. నా కలలోంచి గొడుగు ఎగిరిపోయింది.

పాఠం ముందురోజు దొరసానమ్మ ఇంటికే వచ్చి, భూతద్దంతో సీసాలోకీ పాదు మీదికీ మార్చి మార్చి చూసింది.

"తల్లి నల్లి గుడ్ల కింద గోధుమరంగు ముద్దలు పెట్టును. పిల్లలు మొదట వాటిని పీల్చును. అందులో కంటికి కనబడని జీవులు ఉన్నవి. అవి కడుపులో చేరినగాని పిల్లలు సరిగా పెరగవు. నీ ఆకు మీద ఆ ముద్దలు ఏవి?"

సీసాలో ఆకును తిప్పి తిప్పి చూశాను. గుమ్మంలోంచి పిన్ని గొంతు వినిపించింది.

"ఆ గోధుమరంగు చుక్కలా? రెట్టనుకొని, సీసాలో ఆకు బయటికి తీసి, గుడ్లు చెదరకుండా తడిగుడ్డతో నేనే తుడిచానమ్మా! పిల్లకేం తెలవదు, దాని ఉద్యోగం తీసెయ్యమాకండి." అంటూనే లెంపలేసుకుంది. "ఇంతమంది బిడ్డలకి నాకించిన చెయ్యి, ప్రభువా! వీటి నోటికాడిది తీసేసిందే!"

దొరసానమ్మ పడీ పడీ నవ్వింది. సీసాలో ఆకూ, పాదు మీది ఆకూ పక్కపక్కన పెట్టి అదే పాఠంగా చెప్పమంది. చెప్పాను, ఉద్యోగం ఖాయమైంది.

మొన్న మా కోడలు, "జామచెట్టుకు సున్నమేంది అత్తయ్యా?" అంది. చూసుకుంటే నా చేతిలో కుంచె. ఆ తేనెచుక్క పట్టడానికి కాస్త ఆలస్యమైందంతే. పిన్ని ఉంటే ఎంత మురిసిపోయేదో!