మధ్య తలుపుకు ఇవతల

మూసాపేటలో నేను అద్దెకు దిగిన గదికి రెండు తలుపులు ఉండేవి. ఒకటి వెనక సందులోకి తెరుచుకునేది. రెండోది ఎక్కడికీ తెరుచుకునేది కాదు. ఇల్లుగలాయన తన ఇంటిని రెండు పోర్షన్లుగా విడదీసి, గోడ కట్టడానికి బద్ధకించి, మధ్య తలుపుకు ఇటు గడియ, అటు తాళం వేయించాడు. తొంభైల చివరి రోజులవి. హైటెక్ సిటీలో లేచిన గుండ్రటి అద్దాల భవనంలో నాకు ఉద్యోగం దొరికిందని మా కోనసీమలో జనం నన్ను చూడటానికి వచ్చారు. ఆ భవనంలో పనిచేసేవాడు రాత్రికి ఎలాంటి గదిలో పడుకుంటాడో వాళ్లు అడగలేదు. నేనూ చెప్పలేదు.

"బ్యాచిలర్లకు ఇయ్య," అన్నాడు ఇల్లుగలాయన మొదట. తర్వాత నా మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు చూసి మెత్తబడ్డాడు. "సరె, ఉండు. గని సప్పుడు జెయ్యొద్దు. అవుతల ఫ్యామిలీ ఉంటరు. నీ ముచ్చట ఆళ్లకు నేను మెల్లగ చెప్త. అప్పటిదాంక జర ఉన్నట్టు తెల్వనియ్యకు."

నేను మాట మీద నిలబడే మనిషిని. చెప్పులు మెట్టు మీదే విప్పేవాణ్ణి. కుళాయికి గుడ్డ కట్టి, నీళ్లు దాని వెంట జారి బకెట్టులో పడేలా చేశాను. రేడియో కొనలేదు. తుమ్ము వస్తే దిండులోకి తుమ్మేవాణ్ణి.

ఆఫీసులో మాత్రం నా నోటికి తలుపే లేదు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చడం మా పని. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని అందరూ కంగారుపడుతుంటే, "మా ఊరి పంచాయతీ గడియారం నేను పుట్టకముందే ఆగిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు," అని నవ్వించేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు వ్యాను మూసాపేటలో దింపేది. అక్కణ్ణుంచి మర్నాడు మళ్లీ వ్యాను ఎక్కేదాకా నా నోటికి ఉన్న పనల్లా అన్నం తినడమే.

అవతలివాళ్లను నేను చూడలేదు. వాళ్ల వాకిలి ముందు వీధిలో, నాది వెనక సందులో. అయినా వారం తిరక్కుండానే వాళ్లతో కలిసి భోంచేయడం మొదలుపెట్టాను. ఆయన ఏదో ప్రైవేటు బళ్లో టీచరు, ఆమె దవాఖానలో నర్సు. ఆమె డ్యూటీకి వెళ్లాలి కాబట్టి ఇద్దరూ పెందలాడే కూర్చునేవాళ్లు. తలుపుకు అటు వాళ్ల చాప, ఇటు నా చాప. ముందు ఆమె ప్రార్థన చేసేది. కర్రీ పాయింటు పొట్లం విప్పుకుని నేనూ ఆగేవాణ్ణి. మాది సత్యనారాయణ వ్రతాలు చేసుకునే ఇల్లు. అయినా ఆమె "ఆమెన్" అన్నాకే నా మొదటి ముద్ద. పక్కన ఇద్దరు దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే ముందే మింగేయడం మర్యాద కాదు కదా.

తర్వాత ఆయన బడి కబుర్లు. ఆయనకు జోకులంటే ప్రాణం. జోకులకు ఆయనంటే ప్రాణభయం. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే జోకు. ఇన్‌స్పెక్టరు బడికి వస్తాడు. ఆయన వచ్చిన దారి, స్కూటరు రంగు, దిగి తుడుచుకున్న కళ్లజోడు, ఇవన్నీ అయ్యేసరికి పప్పు చల్లారిపోయేది. క్లాసులో పంతులు కుర్చీలో నిద్రపోతుంటాడు. "మీ సారు నిద్రపోతుంటే లేపలేదేం?" అని ఇన్‌స్పెక్టరు పిల్లల్ని అడుగుతాడు. సరిగ్గా అక్కడ ఆయన ఆగేవాడు. అది ఊరించడమని ఆయన ఉద్దేశం. ఇవతల నేను పిడికిలి బిగించేవాణ్ణి.

దసరా సెలవుల్లో ఆమె అన్న వచ్చాడు. జోకు బయలుదేరింది. దారి, స్కూటరు, కళ్లజోడు, నిద్ర.

"పిలగాండ్లు లేసి నిలవడ్డరు బావా. అండ్ల ఒకడు ఏమన్నడంటే..." అని ఆగాడు. తర్వాతి మాట ఎంతకీ రాలేదు. "ఏమన్నడంటే... ఏమన్నడబ్బా..."

నిజంగానే మరిచిపోయాడు. ఒక జోకు అలా నడిరోడ్డు మీద ప్రాణం వదులుతుంటే చూస్తూ ఊరుకునే గుండె నాకు లేదు.

"లేపితే పాఠం చెప్తాడు సార్!" అనేశాను తలుపుతో.

నేను పేల్చిన ఏ జోకుకూ అంత నిశ్శబ్దం రాలేదు.

"ఎవలు?" అంది ఆమె చివరికి.

"నేనేనండి."

"నేనంటే?" ఇది ఆయన.

"పక్క పోర్షనండి."

"పక్క పోర్షన్ ఖాళీ గద!"

నా చేతిలో ముద్ద ఉంది. నేను ఉన్నాననడానికి అంతకు మించి సాక్ష్యం లేదు, అదీ వాళ్లకు కనబడదు. "లేదండి. వానాకాలం నుంచీ ఉంటున్నాను."

"వానకాలం సందా?" అంది ఆమె. వానాకాలం నుంచి తాము మాట్లాడుకున్నవన్నీ ఆమె వరసగా గుర్తు చేసుకుంటోందని ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది. నేనూ చేసుకున్నాను. బహుశా నాకే ఎక్కువ గుర్తున్నాయి.

"మంచిగున్నదే మీ ముచ్చట," అన్నాడు అన్నగారు. "కిరాయిలు రెండు, సంసారం ఒకటి."

కాసేపటికి ఒక ఇనప బీరువా నేలను గీరుకుంటూ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

మర్నాడు సాయంత్రం ఆయన సందు చుట్టూ తిరిగి నా మెట్టు దగ్గరికి వచ్చాడు. గొంతును బట్టి ఆజానుబాహువు అనుకున్నాను; నా భుజం దాకా వచ్చాడు. ఆయనా నన్ను ఎగాదిగా చూశాడు. పాపం, పోల్చి చూసుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"ఓనరు మాకు సామాన్ల రూమని చెప్పిండు తమ్మీ," అన్నాడు. "ఎప్పుడన్న అలికిడైతే ఎలుకలనుకున్నం. మా ఆమె బోను గూడ కొన్నది. గిన్ని దినాలల్ల ఒక్క సప్పుడు లేదేంది? మనిషన్నంక తుమ్మడా?"

"దిండులో తుమ్ముతానండి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నీకు ఇక్కడ ఎవరు లేరా?"

"ఆఫీసులో చాలామందిమండి."

"ఆఫీసు ముచ్చట అడగలే."

దానికి నా దగ్గర జోకు లేదు. వెతికాను కూడా.

ఆయనే సర్దుకున్నాడు. "ఏమనుకోకు. ఆమె జర పరేషాన్ అయితున్నది. నువ్వు ఇంటికి రాంగనే ఏదన్న సప్పుడు జెయ్యి. వచ్చినవని ఎరుకైతే మేం మెల్లగ మాట్లాడుకుంటం. సప్పుడు లేకుంటే రాలేదనుకుంటం. గంతే."

న్యాయమైన ఒప్పందమే. చప్పుడు చేస్తే నేనంటూ ఒకణ్ణి ఉన్నట్టు, కానీ అన్నం ఒంటరిగా తినాలి. చేయకపోతే తోడు ఉంటుంది, నేను ఉండను.

కొన్నాళ్లు మాట నిలబెట్టుకున్నాను. రాగానే తలుపు ధడాలున వేసేవాణ్ణి. అటు మాటలు సన్నబడి బీరువా వెనక్కి వెళ్లిపోయేవి. ప్రార్థన పెదాల మీదే అయిపోయేదేమో, ఆమెన్ వినబడక మొదటి ముద్ద ఎప్పుడు పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆఫీసులో ఆ రోజుల్లో నా జోకులు పెరిగాయని, పస తగ్గిందని పక్క సీటతను అన్నాడు.

ఒక సాయంత్రం మెట్టు మీదే చెప్పులు విప్పాను. పాత అలవాటు అని నాకు నేనే చెప్పుకున్నాను. తలుపును దూదిలా మూసి, మధ్య తలుపు దగ్గర చాప పరుచుకున్నాను.

"వచ్చిండా?" అన్నాడు ఆయన అటునుంచి.

"సప్పుడు లేదు. రాలే."

గొంతులు మామూలుగా లేచాయి. ప్రార్థన వచ్చింది, ఆమెన్ వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఎంత హాయిగా ఉందంటే, వంకాయ కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినవాణ్ణి కూడా క్షమించేశాను.

కాసేపు కంచాల చప్పుడు. తర్వాత ఆయన, నేను ఎప్పుడూ వినని గొంతుతో, "ఈ నెలన్న..." అన్నాడు.

"లేదు," అంది ఆమె. "ఈ నెల గూడ లేదు. పొద్దుగాల్నే తెలిసింది. వార్డుల దినాం మందికి వాళ్ల పిల్లలను చేతుల పెడ్త. నాకు మాత్రం..."

ఆగిపోయింది. ఈసారి వాక్యం నేను పూర్తి చేయలేదు.

నేను ఇంటికి రాలేదని నమ్మి ఆమె ఏడుస్తోంది. ఎక్కిళ్ల మధ్య మళ్లీ మాట కూడదీసుకోకముందే స్టీలు గ్లాసు తీసి నేల మీద వదిలేశాను. అది గచ్చు మీద గిర్రున తిరిగి, అవసరమైనదాని కంటే ఎక్కువ నటించి, మంచం కోడుకు తగిలి ఆగింది.

"వచ్చిండు," అంది ఆమె, ముక్కు ఎగబీల్చి.

అటు కంచాలు తీసేసిన చప్పుడైంది.

ఆ గదిలో ఉన్నన్నాళ్లూ తలుపు తీయగానే గ్లాసు పడేసేవాణ్ణి. ఆఫీసులో హాజరు పడాలంటే కార్డు గీయాలి. ఇక్కడ గ్లాసు చాలు. దాని అంచు సొట్టలు పడిపోయి, నీళ్లు తాగితే సగం చొక్కా మీదికి వచ్చేవి. గ్లాసు పడేది, బీరువా వెనక నుంచి "వచ్చిండు" అని వినబడేది. ఒక్కో రోజు ఆయన, ఒక్కో రోజు ఆమె. ఆ ఊళ్లో నా రాకపోకల మీద రోజూ ఎవరైనా అనుకునే మాట అదొక్కటే. అది వినబడేదాకా ఆగి, పొట్లం విప్పి, ఆమెన్ ఈపాటికి అయి ఉంటుందని అంచనా వేసుకుని తినేవాణ్ణి.