అడుగునీళ్లలో తులసాకు

మా ముందుగదిలో అద్దెకు దిగిన రోజే ఆ అమ్మాయి మా ఆయన వాచీని గుమ్మం బయట నిలబెట్టింది.

ఆయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. చీకట్లో ముళ్లు పచ్చగా మెరిసే రేడియం వాచీ ఆయన చేతికి ఎప్పుడూ ఉండేది. సామాను దించడానికి సాయం పోయి, పెద్ద చెక్కపెట్టె మీద చెయ్యి వేయబోతే ఆమె అడ్డం వచ్చింది.

“అన్నా, ఏమీ అనుకోవద్దు. ఆ వాచీ తీసేసి రండి. దాంతో ఈ పెట్టె దగ్గరికి రావద్దు.”

ఆయన వాచీ విప్పి నా చేతికిచ్చి నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు అర్థం నాకు తెలుసు. పోలీసును చూసి దాచే పెట్టెలుంటాయి, అప్పులవాణ్ని చూసి దాచే పెట్టెలుంటాయి. వాచీని చూసి భయపడే పెట్టె ఏమిటి?

తిరుపతిలో కాపురం చేసేవాళ్లకు అనుమానం ఊరికే పుట్టదు, ఊరే నేర్పుతుంది. బస్టాండు చుట్టూ యాత్రికులకు ఏదో ఒకటి అంటగట్టేవాళ్లే. మామిడివేరు ముక్కలు చేసి శేషాచలం మూలిక అని అమ్మినవాణ్ని చూశాను. మా వీధిలోనే ఒకడు కొళాయి నీళ్లు సీసాలకు పట్టి కొండతీర్థమని అమ్మి, మెడలో గొలుసు వేసుకున్నాడు. అందువల్ల ఈ పిల్ల పెట్టె తెరిచినప్పుడు, గడ్డి మధ్య వరసగా నీళ్ల సీసాలు, వాటి మూతులకు మైనం కనబడగానే నాకు మొదట గుర్తొచ్చింది వాడే.

ఆమెది గూడూరు. ఇక్కడి కాలేజీలో పాఠం చెప్పడానికి కొత్తగా చేరింది. పెళ్లి కాలేదు. ఓడెక్కి సముద్రం మధ్యకు పోయి వచ్చానని చెప్పింది. ఆ సీసాలు కాలేజీలో పెడితే ఎవరో ఒకరు పారబోసి, కడిగి వాడుకుంటారని ఆమె భయం. ఇల్లయితే భద్రం అనుకుంది. పెట్టె మూతమీద ఏదో రాసిన కాగితం కూడా అంటించింది.

మా అత్త మోకాళ్లు పట్టేసి ఎప్పుడూ వసారాలోనే కూర్చునేది. నుదుట నామం లేకుండా మంచినీళ్లు కూడా తాగని మనిషి. ఆమె అక్కడినుంచే అడిగింది.

“ఏముండాది మ్మా ఆ పెట్టెలో?”

“నీళ్లవ్వా.”

“నీళ్లకా ఇంత పెట్టె! గాజులాయన గూడా మలారం ఇంత బద్రంగా కట్టడు గదా.”

“సముద్రం అడుగునుంచి తెచ్చినవవ్వా.”

“ఏం, పైన లేవా?”

ఆ పిల్ల నవ్వి, ఒక సీసా తీసి చూపించింది. అన్నిటికన్నా లోతునుంచి తీసింది అదేనట. దక్షిణాన మంచుసముద్రం దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతాయట. అడుగునే నత్తలాగా పాకుతూ మన వైపుకు వస్తాయట. మళ్లీ పైకొచ్చి ఎండ చూడటానికి వందల ఏళ్లు, కొన్నిటికి వెయ్యేళ్లు కూడా పడుతుందట.

“ఈ నీళ్లు చివరిసారి ఎండ చూసినప్పుడు మనవాళ్లెవరూ పుట్టలేదవ్వా” అంది.

నేను తల ఊపాను. లోపల మాత్రం, ఇది ఆ తీర్థంవాడికంటే గట్టి పిండం అనుకున్నాను. జాతకం చెప్పేవాడు వచ్చే ఏడాది మంచి జరుగుతుందంటాడు. జరగకపోతే ఏడాది తర్వాత పోయి గల్లా పట్టుకోవచ్చు. ఈమె పెట్టే గడువుకు అడగడానికి మనం ఉండం, చెప్పడానికి ఆమె ఉండదు. మోసానికి ఇంతకంటే అనువైన లెక్క ఏముంటుంది?

ఒక శనివారం తలంటి నీళ్లకోసం పెరట్లో కాగుకింద పొయ్యి వెలిగిస్తుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఇంతకూ ఆ నీళ్లు ఎందుకు తెచ్చావని అడిగేశాను.

“అక్కా, కాగులో చెయ్యి పెట్టి చూడు.”

“సల్లగా ఉండాది. పొయ్యి ఇప్పుడేగదా అంటిచ్చింది.”

“తెలియనివాడొచ్చి చెయ్యి పెట్టి, ఇంకా చల్లగానే ఉంది, మంట చాలదని ఇంకో మోపు కట్టెలు తోస్తే?”

“వాడి వీపు ఊడొస్తాది.”

“లోకమంతా ఇప్పుడు అదే పని చేస్తోంది.”

బొగ్గుపొగ, లారీల పొగ గాలిలో చేరి భూమికి దుప్పటి కప్పినట్టు అవుతోందని చెప్పింది. ఆ వేడిని, పొగను సముద్రం తాగుతూ పోతోందట. అందుకే మనకు ఇంకా తెలియడం లేదట. పైనీళ్లు ఎంత తొందరగా అడుక్కు దిగుతాయో తెలిస్తే, ఆ వేడి ఎంత ఆలస్యంగా మన నెత్తిన పడుతుందో, పడ్డాక ఎన్ని తరాలు పోకుండా ఉంటుందో లెక్క కట్టొచ్చట. కాగు సంగతి నాకు అర్థమైంది. అయినా అనుమానం పోలేదు. అర్థమయ్యేలా చెప్పడం మోసగాళ్లకూ వచ్చు.

అత్త మాత్రం వేరే కూపీ లాగుతూ ఉండేది.

“ఏ పొద్దు ముంచినారు మ్మా ఆ నీళ్లు? మంగళారమా, శుక్రారమా?”

“ఓడమీద వారాలెవరికి గుర్తుంటాయవ్వా?”

“పర్వం గాకుండా సముద్రాన్ని ముట్టుకుంటారా ఎవురైనా!”

“వెయ్యేళ్లుగా ఈ నీళ్లను ఏ మనిషీ ముట్టుకోలేదులే అవ్వా.”

అత్త ఆ పెట్టె ఉన్న వైపే చూస్తూ కూర్చుంది. వడమాలపేట దగ్గర పల్లెలో పుట్టి తిరుపతికి కోడలైన మనిషి. సముద్రం ఎప్పుడూ చూడలేదు. రామేశ్వరం తీసుకుపోతానని మామ బతికినన్నాళ్లూ చెబుతూనే పోయాడు. అత్త చూపును నేను పట్టించుకోలేదు. నా కళ్లన్నీ ముందుగదిమీదే ఉండేవి.

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. సీసాలను ఉత్తరాదిలో ఎక్కడో ప్రయోగశాలకు రైల్లో పంపాలని ఆమె పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఓ పగలు గడ్డి చాలక కొనడానికి బజారుకు పోయింది. నేను గది ఊడుస్తున్నాను. పెట్టె మూత తీసే ఉంది. కిటికీలోంచి ఎండ నేరుగా సీసాలమీద పడుతోంది. ఆ రోజు మాకు చూపించిన సీసాలో ఏదో తేలుతోంది. వంగి చూశాను.

తులసాకు. మా పెరటి నల్లతులసి నాకు తెలియదా? అంచు ముడుచుకొని, రంగు కాస్త మారి ఉందంతే. మా కొళాయి తులసికోట పక్కనే ఉండేది.

అంతే, లెక్క కుదిరిపోయింది. ఈ పిల్ల మా పెరట్లో, మా కొళాయికింద సీసాలు పట్టి సముద్రం అంటోంది! మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి అన్నానికి వచ్చినప్పుడు చెప్పాను.

“నేనప్పుడే అనుకొన్న్యా” అన్నాడు. “వాచీని సూసి బయపడినప్పుడే అనుకొన్న్యా. ఒకటో తేదీకి గది కాళీ చేయమను. నేను కాలేజీకి పోయి పెద్దసారుకు గూడా సెప్పేస్తా. ఇట్లాంటోళ్లా మన పిల్లలకు పాఠాలు సెప్పేది?”

ఆయన చెప్పాడంటే చేసే మనిషి. ఆమె గది, ఆమె ఉద్యోగం రెండూ ఆ ఆకుమీద ఆధారపడ్డాయి. ఆమె గడ్డికట్టతో తిరిగి రాగానే నేను గదిలోకి పోయాను. మా ఆయన గుమ్మం దగ్గరే ఆగాడు, చేతికి వాచీ ఉంది మరి.

“మేడం, సముద్రం అడుగున తులసిచెట్లుంటాయా?”

“ఉండవక్కా. ఎందుకు?”

నేను సీసా చూపించాను. ఆమె దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. మూతి మైనాన్ని వేలితో తడిమింది. నున్నగా పోసిన మైనం ఒకవైపు అణిగి, దానిమీద బొటనవేలి గుర్తు పడి ఉంది. అప్పుడామె నావైపు చూసింది. ఆమె నన్ను అనుమానిస్తోందని అర్థమై నాకు ఒళ్లు మండింది.

“అక్కా, దీన్ని ఎవరు తెరిచారు?”

“నన్నడగతావా! మా కొళాయి కాడ పట్టింది నువ్వు గాదా?”

వసారాలోంచి అత్త కేక వేసింది. “ఎందుకట్లరుసుకుంటారు? నేనే తీసింది.”

ముగ్గురం వసారాలోకి పోయాం. అత్త కాళ్లు చాపుకొని, ఏమీ జరగనట్టే వత్తులు చేసుకుంటోంది.

“మాలయ అమాస నాడు, మీరెవురూ లేనప్పుడు గోడ పట్టుకోని పోయి తీసినా. పర్వం గదా. దోసిట్లో పోసుకొని తలమీద సల్లుకొన్న్యా. ఈ కాళ్లతో నేను సముద్రానికి యాడ పోతాను? సముద్రమే ఇంటికొచ్చి కూసోనుంటే వదులుకుంటానా?”

“అవ్వా, మరి సీసా నిండుగానే ఉందే?”

“తీసినంత మళ్లా పోసినా. నేనేం దొంగనా? కొళాయి నీళ్లు గూడా గాదు, నా కొడుకు కొండమించి తెచ్చిన పాపనాశనం నీళ్లు. తులసాకేసి, దీపం సెగకు మైనం మెత్తజేసి మూసినా. గంగచెంబులో నీళ్లు తగ్గితే బావినీళ్లు పోస్తాం గదా? అంతా గంగే అవుతాది.”

ఆ పిల్ల గోడకు చేరగిలబడి కూర్చుంది. కోపం వస్తుందని చూశాను, రాలేదు.

“మా లెక్కలో అది తిరగబడుతుందవ్వా. కొత్తనీళ్లు కొన్ని పడితే చాలు, అంతా కొత్తదే అయిపోతుంది.”

తను చంటిబిడ్డగా ఉన్న రోజుల్లో పెద్ద దేశాలు ఆకాశంలో పెద్ద బాంబులు పేల్చాయని, దాని గుర్తు గాలిలో కలిసి అప్పటినుంచి కురిసే ప్రతి వానలో ఉందని చెప్పింది. ఆ గుర్తు ఉన్న నీళ్లు మొన్నమొన్నటివి, లేనివి పాతవి. కొండమీది నీళ్లంటే మొన్న కురిసిన వానే. వాచీ ముళ్లకు పూసే మెరుపులోనూ అదే జాతి గుర్తు ఉండొచ్చట. మా ఆయన గబుక్కున తన మణికట్టు వెనక్కి పెట్టుకున్నాడు.

“కడిగితే పోదా మ్మా?” అంది అత్త.

“నీళ్లను దేంతో కడుగుతామవ్వా?”

మా ఆయనకు జాలేసింది. “ఆకు తీసేసి పంపిచ్చేయమ్మా. ఎవురికి తెలుస్తాది?”

నేను ఆమె మొహంవైపే చూస్తూ నిలబడ్డాను. దొంగయితే ఇక్కడ దొరుకుతుంది.

“పంపితే మొన్నటి వాన అప్పుడే సముద్రం అడుక్కు చేరిందని తేలుతుందన్నా. నాకు పేరొస్తుంది. ఎంత వేడి పోసినా, ఎంత పొగ పోసినా సముద్రం గబగబా మింగేస్తుందిలే అని అందరూ హాయిగా పడుకుంటారు.” అని అత్తవైపు చూసి మెల్లగా అంది, “అందరూ మీలాగే అనుకుంటున్నారవ్వా. ఏం పోసినా అంతా సముద్రమే అవుతుందని.”

మాటలు ఎవరైనా చెబుతారు. మరునాడు ఆమె పెట్టె కట్టేదాకా ఏదో ఒక పని పెట్టుకొని నేను ఆ గదిలోనే తిరిగాను. అత్తను అడిగి, ఇంకే సీసా ముట్టలేదని ఒట్టు వేయించుకొని, ప్రతి మూతినీ ఎండలో తిప్పి చూసి సర్దింది. ఆ ఒక్కదాని చోట గడ్డి కుక్కింది. ఓడమీద నెల రోజులు వాంతులు చేసుకుంటూ తెచ్చిన వాటిలో ముఖ్యమైనది అదేనని నాకు తెలుసు. దాన్ని తీసుకుపోయి అత్త పక్కన పెట్టింది.

“ఇంక ఇది నీదే అవ్వా.”

మా ఆయన కాలేజీకి పోలేదు. ఆ రోజునుంచి ముందుగదిలోకి పోవలసి వస్తే చెప్పకుండానే వాచీ తీసి గుమ్మం మేకుకు తగిలించేవాడు.

మూత మేకులు కొట్టేటప్పుడు ఆమె నన్నడిగింది. “అక్కా, ఇంత పెద్ద కాగితం అంటించాను, ఎవరూ తెరవరాదని. అవ్వకు నువ్వైనా చెప్పలేదా?”

“అది శుభానికి అంటిచ్చినావనుకొన్న్యాం” అన్నాను.

పగటిపూట ఆ ఇంట్లో ఉండేది అత్తా నేనూ. ఇద్దరికీ చదువు రాదు. ఆ సంగతి తనకు తట్టనేలేదని ఆమె చాలాసేపు నొచ్చుకుంది. సెలవులయ్యాక మధ్యాహ్నాలు నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఊరికే నేర్పుతోందంటే వెనక ఏముందోనని కొన్నాళ్లు దానిమీద కూడా అనుమానమే. ఏమీ లేదు.

పంపిన సీసాలకు జవాబు వచ్చింది. లోతుకు పోయేకొద్దీ ఆ గుర్తు కనబడలేదట. అట్టడుగు సంగతి మాత్రం ఖాళీగానే మిగిలింది. ఆమె మళ్లీ ఓడెక్కే వీలు మా ఇంట్లో ఉన్నంతకాలం దొరకలేదు. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది.

సీసా అత్త దేవుడి గూట్లో ఉండేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, తనూ తీసేది కాదు. మంచాన పడి ఇక లేవదని తెలిశాక ఒక పొద్దున ఆమే కళ్లతో గూటివైపు చూపించింది. నేను మైనం ఊడదీసి, తీర్థం ఉద్ధరిణెతో నోట్లో పోశాను. మింగి మొహం ముడిచింది.

“ఉప్పుగా ఉండాదే మే” అంది. ఆ తర్వాత, ఇన్నేళ్లూ లోపల దాచుకున్న మాట బయటపెట్టినట్టు, “ఆ పిల్ల నిజమే సెప్పింది. సముద్రమే” అంది.

అమావాస్య నాడు తలమీద చల్లుకుందే తప్ప అత్త దాన్ని ఎప్పుడూ నాలుకమీద వేసుకోలేదు. ఆమెకూ అనుమానం ఉండిందని నాకప్పుడే తెలిసింది.

అత్త కర్మలన్నీ అయిపోయాక సీసా కడగబోతూ, అడుగున మిగిలినది అరచేతిలో వేసుకొని నేనూ నాలుకకు తాకించాను. పాపనాశనం నీళ్లు కలిసినా గట్టి ఉప్పే. వెయ్యేళ్ల సంగతి మాత్రం నాలుకకు తెలియలేదు.